జడ్జి సంతకం ఉంటే సరిపోతుందా? అమెరికా రహస్య నిఘా కోర్టు పనితీరు

2013 జూన్ 5న గార్డియన్ పత్రిక ఒక కోర్టు ఉత్తర్వును బయటపెట్టింది. వెరిజాన్ టెలిఫోన్ సంస్థ తన దగ్గరున్న కాల్ రికార్డులన్నిటినీ రోజూ జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు అప్పగించాలని అందులో ఉంది. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతసేపు మాట్లాడారు అన్న వివరాలన్నీ ఇవ్వాలి. మాట్లాడుకున్న మాటలు మాత్రం అక్కర్లేదు. ఫలానా అనుమానితుడని ఒక్క పేరు కూడా ఆ కాగితంలో లేదు. ఇలాంటి ఉత్తర్వు వచ్చిందని కంపెనీ ఎవరికీ చెప్పకూడదన్న ఆంక్ష మాత్రం ఉంది.

ఈ ఉత్తర్వును పత్రికలకు అందించిన ఎన్‌ఎస్‌ఏ మాజీ కాంట్రాక్టరు ఎడ్వర్డ్ స్నోడెన్ ఇచ్చిన పత్రాల్లో ఇంతకంటే సంచలనం రేపినవి ఆ తర్వాత చాలా వచ్చాయి. నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది ఈ మొదటి కాగితమే. చట్టానికి దొరక్కుండా దొంగచాటుగా చేసిన పని అయితే పట్టుకుని ఆపవచ్చు. ఇక్కడ అలా జరగలేదు. కాగితం కింద రోజర్ విన్సన్ అనే ఫెడరల్ జడ్జి సంతకం ఉంది. అంతకుముందు కూడా దాదాపు 90 రోజులకోసారి ఒక జడ్జి ఇలాంటి ఉత్తర్వు మీద సంతకం చేస్తూనే వచ్చారు. 2006 నుంచి అదే వరస. కోర్టు కళ్లుగప్పి జరిగిన నిఘా కాదిది, కోర్టు చేతుల మీదుగా జరిగిన నిఘా.

నిఘా గురించి నిలదీసినప్పుడల్లా ప్రభుత్వాలు చెప్పే జవాబు ఒకటుంది: కోర్టు అనుమతితోనే చేస్తున్నాం. ఆ మాట వినగానే చాలామంది ఊరట పడతారు. కోర్టు అనగానే మన మనసులో మెదిలేది వేరు. ఇరుపక్షాల లాయర్లు, ఎదురు ప్రశ్నలు, కారణాలు వివరించే తీర్పు, నచ్చకపోతే పైకోర్టుకు అప్పీలు. అమెరికా నిఘా కోర్టులో వీటిలో చాలా భాగం లేవు. అవి లేని చోట జడ్జి ఎంత నిజాయితీపరుడైనా, ఎంత తెలివైనవాడైనా పెద్దగా చేయగలిగింది ఉండదు. తప్పును ఆ జడ్జీల మీదకు నెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కోర్టును కట్టిన తీరులోనే లోపం ఉందని నా అభిప్రాయం.

కోర్టు ఎందుకు పెట్టారు

1970ల దాకా అమెరికాలో జాతీయ భద్రత పేరుతో ఎవరి ఫోన్ వినాలన్నా అధ్యక్షుడి అధికారమే చాలనుకునేవారు. 1972లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఒక గీత గీసింది. దేశంలోని సంస్థల మీద, పౌరుల మీద భద్రత పేరుతో నిఘా పెట్టాలంటే జడ్జి వారెంట్ ఉండాల్సిందేనని చెప్పింది. విదేశీ శక్తుల మీద, వాటి ఏజెంట్ల మీద పెట్టే నిఘా సంగతి మాత్రం ఆ తీర్పులో తేల్చలేదు.

తర్వాత 1975లో సెనెటర్ ఫ్రాంక్ చర్చ్ నాయకత్వంలో సెనెట్ కమిటీ విచారణకు దిగింది. అది తవ్వితీసిన సంగతులు ఇవాళ చదివినా ఒళ్లు జలదరిస్తుంది. మూడు టెలిగ్రాఫ్ కంపెనీలు 1945 నుంచి 30 ఏళ్లపాటు దేశంలోకి వచ్చే, దేశం నుంచి వెళ్లే టెలిగ్రాముల కాపీలను గుట్టుచప్పుడు కాకుండా నిఘా సంస్థలకు అందించాయి. మార్టిన్ లూథర్ కింగ్ బసచేసిన హోటల్ గదుల్లో ఎఫ్‌బీఐ మైకులు అమర్చింది. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినవారి పేర్లు ఎన్‌ఎస్‌ఏ నిఘా జాబితాకు ఎక్కాయి.

ఆ ఆగ్రహంలోంచే 1978లో విదేశీ గూఢచర్య నిఘా చట్టం వచ్చింది. దాని ఇంగ్లీషు పొడి అక్షరాలతో అందరూ ఫైసా అంటారు. ఆ చట్టమే ఒక ప్రత్యేక కోర్టును ఏర్పాటు చేసింది. మొదట ఏడుగురు జడ్జీలు ఉండేవారు, 2001 నుంచి 11 మంది. అందరూ దేశంలోని వేర్వేరు ఫెడరల్ కోర్టుల్లో పనిచేస్తున్నవారే. వారిని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఒక్కరే ఎంపిక చేస్తారు, పదవీకాలం ఏడేళ్లు. నిఘా పెట్టబోయే మనిషి విదేశీ శక్తి అని గానీ, దాని ఏజెంటు అని గానీ నమ్మడానికి తగిన కారణం ఉందని ప్రభుత్వం దరఖాస్తులో చూపాలి. తలుపులు మూసి, ప్రభుత్వం చెప్పింది మాత్రమే విని జడ్జి నిర్ణయిస్తారు. కాదంటే ప్రభుత్వం ముగ్గురు జడ్జీల పైకోర్టుకు వెళ్లవచ్చు. ఆ పైకోర్టు మొట్టమొదటిసారి కూర్చున్నది 2002లో. అంటే 24 ఏళ్లపాటు దాని అవసరమే ప్రభుత్వానికి రాలేదు.

11 తిరస్కరణలు

ఈ కోర్టును విమర్శించేవారు మొదట చెప్పే లెక్క ఇది. 1979 నుంచి 2012 వరకు ప్రభుత్వం దాదాపు 34 వేల దరఖాస్తులు పెడితే కోర్టు తోసిపుచ్చింది 11. దీన్నిబట్టి ఇది రబ్బరు స్టాంపు అని తేల్చేస్తారు.

నేను ఈ లెక్క మీద అంత బరువు పెట్టను. 2013లో ఆ కోర్టుకు పెద్దగా ఉన్న జడ్జి రెగీ వాల్టన్ సెనెట్‌కు రాసిన లేఖలో మరో సంగతి చెప్పారు. ఆ ఏడాది జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చిన వాటిలో 24.4 శాతం దరఖాస్తుల్లో కోర్టు అడిగాక గణనీయమైన మార్పులు జరిగాయట. కోర్టు సిబ్బందిలోని లాయర్లు ముసాయిదా చదివి అభ్యంతరాలు చెబుతారు, ప్రభుత్వం సరిదిద్దుకుంటుంది, లేదా వెనక్కి తీసుకుంటుంది. కాబట్టి అంతిమ తిరస్కరణల్ని మాత్రమే లెక్కపెట్టడం న్యాయం కాదు. ఆ జడ్జీలు కళ్లు మూసుకుని సంతకాలు చేశారనుకోవడం పొరపాటు. వాళ్లు కళ్లు తెరిచే ఉన్నారు, అయితే వారికి కనబడేదల్లా ప్రభుత్వం చూపించిందే.

మామూలు సెర్చ్ వారెంట్ కూడా ఏకపక్షంగానే జారీ అవుతుంది కదా, నేరస్థుడికి ముందే చెప్పి ఇల్లు సోదా చేస్తారా అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. జవాబు వారెంట్ తర్వాత జరిగేదాంట్లో ఉంది. మామూలు కేసులో సోదా జరిగిన సంగతి ఆ మనిషికి తెలుస్తుంది. కేసు కోర్టుకెక్కితే పోలీసు ఏం ప్రమాణం చేసి వారెంట్ తెచ్చుకున్నాడో ఆ అఫిడవిట్ నిందితుడి లాయరు చేతికొస్తుంది. అందులో అబద్ధం ఉందని చూపగలిగితే సాక్ష్యం మొత్తం కొట్టేయించుకోవచ్చు. ఈ హక్కును సుప్రీంకోర్టు స్థిరపరచింది 1978లోనే, ఫైసా వచ్చిన సంవత్సరమే. రేపు ఒక పరాయి లాయరు ఈ కాగితాన్ని చీల్చి చెండాడతాడన్న భయమే దరఖాస్తు రాసే అధికారిని అదుపులో ఉంచుతుంది.

ఫైసాలో ఆ రెండో అంకం లేదు. నిఘా పెట్టిన మనుషుల్లో అత్యధికుల మీద ఏ కేసూ ఉండదు, కాబట్టి వారికి ఎప్పటికీ తెలియదు. కేసు పెట్టినా దరఖాస్తును చూడనివ్వరు. 2014 జనవరిలో షికాగోలో ఒక జడ్జి, నిందితుడి లాయర్లకు భద్రతా అనుమతి ఉంది కాబట్టి దరఖాస్తు చూపించమని ఆదేశించారు. ఫైసా చరిత్రలో అలాంటి ఆదేశం అదే మొదటిది. జూన్ కల్లా అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది.

జేమ్స్ రాబర్ట్‌సన్ ఫైసా కోర్టులో పనిచేసిన జడ్జి. 2001 నుంచి ప్రభుత్వం ఆ కోర్టును కూడా పక్కనపెట్టి వారెంట్ లేకుండా కాల్స్ వింటోందని 2005 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాసిన కొన్ని రోజులకే ఆయన ఆ కోర్టు నుంచి తప్పుకున్నారు. 2013లో ఒక బహిరంగ చర్చలో, జడ్జిగా పనిచేసిన ఎవరిని అడిగినా రెండు పక్షాలూ వినాలనే చెబుతారని అన్నారు. ఒక కార్యక్రమం మొత్తానికి ఆమోదం తెలపడం తీర్పు చెప్పడం కాదని, 2008లో ఫైసాను సవరించాక ఆ కోర్టు ఒక ప్రభుత్వ శాఖలాగా విధానాలు రాసే పనిలో పడిందని ఆయన విమర్శ. లోపల కూర్చుని చూసిన మనిషి మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

ఎదురు వాదన లేకపోతే చట్టం ఎంత సాగుతుంది

మొదట చెప్పిన ఫోన్ రికార్డుల సంగతే చూద్దాం. దానికి ఆధారంగా చూపింది, 2001 ఉగ్రవాద దాడుల తర్వాత వచ్చిన పేట్రియాట్ చట్టంలోని సెక్షన్ 215. ఉగ్రవాద దర్యాప్తుకు సంబంధం ఉన్న రికార్డులను కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చని అది చెబుతుంది. మామూలుగా చదివితే, ఫలానా దర్యాప్తు ఉండాలి, దానితో ఈ రికార్డులకు లంకె ఉండాలి. ప్రభుత్వం వాదన వేరు: ఏ నంబరు రేపు పనికొస్తుందో ఇవాళ తెలియదు, వెతకాలంటే అన్నీ ఒకచోట ఉండాలి, కాబట్టి అన్నీ సంబంధం ఉన్నవే. ఈ లెక్కన సంబంధం లేని రికార్డంటూ ప్రపంచంలో ఉండదు. ఆ మాట గట్టిగా అడిగే లాయరు ఆ గదిలో ఒక్కరు ఉన్నా కథ వేరుగా ఉండేదేమో.

2006 మే నెలలో ఈ వాదనను కోర్టు ఒప్పుకుంది. గుంపగుత్తగా సేకరించడం ఈ చట్టం కింద ఎలా సబబో వివరిస్తూ కోర్టు రాసిన తొలి తీర్పు జడ్జి క్లెయిర్ ఈగన్‌ది. దాని తేదీ 2013 ఆగస్టు 29. గార్డియన్ కథనం వచ్చిన దాదాపు మూడు నెలల తర్వాత. ఏడేళ్లకు పైగా కోట్ల మంది రికార్డులు తరలిపోతున్నా, ఎందుకు తరలుతున్నాయో కారణం రాయాల్సిన అవసరం కోర్టుకు కలగలేదు. ఉత్తర్వులు అందుకున్న ఏ కంపెనీ కూడా వాటిని సవాలు చేయలేదని ఆ తీర్పులోనే ఉంది. సవాలు చేసే కంపెనీలకు ఎదురయ్యేది ఏమిటో యాహూ అనుభవం చెబుతుంది. 2007, 2008లో వేరే చట్టం కింద వచ్చిన ఆదేశాల మీద ఆ కంపెనీ రహస్యంగా పోరాడింది. లొంగకపోతే రోజుకు 2.5 లక్షల డాలర్ల జరిమానా వేయాలని ప్రభుత్వం కోరింది. యాహూ ఓడింది. ఆ పోరాటం తమదేనని చెప్పుకోవడానికి కూడా ఆ కంపెనీ ఏళ్ల తరబడి ఆగాల్సి వచ్చింది.

ఉత్తర్వు బయటపడ్డాక అదే ప్రశ్న మామూలు కోర్టుల ముందుకు వచ్చింది. 2013 డిసెంబరులో వాషింగ్టన్‌లో జడ్జి రిచర్డ్ లియాన్ ఈ కార్యక్రమం రాజ్యాంగ విరుద్ధం కావచ్చన్నారు. కొద్ది రోజులకే న్యూయార్క్‌లో జడ్జి విలియం పాలీ చట్టబద్ధమేనన్నారు. వాదన అంటే ఇదే, తెలివైన జడ్జీలు కూడా విభేదిస్తారు. 2015 మే 7న న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ముగ్గురు జడ్జీల బెంచి, సెక్షన్ 215 ఇంత గుంపగుత్త సేకరణకు అధికారమే ఇవ్వదని తేల్చింది. ఆ దావా వేసిన పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ తానూ వెరిజాన్ వినియోగదారేనని, ఆ ఉత్తర్వులో తన రికార్డులూ ఉన్నాయని చూపగలిగింది. అంటే స్నోడెన్ ఆ కాగితం ఇవ్వకపోతే దావాకు కాళ్లే లేవు. ఫైసా కోర్టులో పదుల సార్లు నెగ్గిన వాదన, ఎదుట ఇంకో లాయరు నిలబడేసరికి అప్పీలు కోర్టులో నిలవలేదు. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన కొత్త చట్టంతో ఆ సేకరణ నవంబరు చివరికి ఆగిపోయింది.

ఇంతకీ దానివల్ల ఒరిగిందేమిటి? ప్రభుత్వంలోనే స్వతంత్ర సంస్థ అయిన గోప్యత, పౌరహక్కుల పర్యవేక్షణ బోర్డు రహస్య పత్రాలు కూడా చూసి 2014 జనవరిలో నివేదిక ఇచ్చింది. అమెరికాకు ముప్పున్న ఉగ్రవాద దర్యాప్తుల్లో ఈ కార్యక్రమం ఫలితాన్ని మార్చిన సందర్భం ఒక్కటీ కనబడలేదని అందులో రాసింది.

జడ్జికి నిజం చెప్పేదెవరు

చట్టం అర్థం సంగతి అది. వాస్తవాల దగ్గరకొస్తే పరిస్థితి ఇంకా అధ్వాన్నం. నిఘా సంస్థ ఏం చేస్తోందో తెలుసుకోవడానికి కోర్టుకు ఆ సంస్థ మాట తప్ప వేరే దారి లేదు. ఇది నా నిందారోపణ కాదు. ప్రభుత్వం ఇచ్చే సమాచారం మీద ఆధారపడక తప్పదని, నిబంధనల ఉల్లంఘనను సొంతంగా దర్యాప్తు చేసే శక్తి కోర్టుకు లేదని 2013లో వాల్టనే వాషింగ్టన్ పోస్ట్‌కు చెప్పారు.

ఆయన ఊరికే అనలేదు. ఫోన్ రికార్డుల గుట్టలో వెతకాలంటే ఆ నంబరు మీద సహేతుకమైన అనుమానం ఉండాలని కోర్టు షరతు పెట్టింది. 2009 జనవరిలో తేలిందేమిటంటే, రోజూ వచ్చే రికార్డులతో ఎన్‌ఎస్‌ఏ పోల్చి చూస్తున్న జాబితాలో 17,835 నంబర్లుంటే, ఆ షరతుకు తగినవి 1,935 మాత్రమే. దాదాపు మూడేళ్లుగా కోర్టుకు వేరే కథ చెబుతూ వచ్చారు. ఆ మార్చిలో వాల్టన్ రాసిన ఉత్తర్వులో కోపం దాచుకోలేదు. గోప్యతను కాపాడాల్సిన నిబంధనలను ఎంత తరచుగా ఉల్లంఘించారంటే, ఆ రక్షణ ఏనాడూ సరిగ్గా పనిచేయలేదనే చెప్పాలన్నారు.

2011 అక్టోబరులో జడ్జి జాన్ బేట్స్ వంతు వచ్చింది. ఇంటర్నెట్ కేబుళ్ల నుంచి నేరుగా పట్టుకునే సమాచారంలో పూర్తిగా అమెరికన్ల మధ్య నడిచినవి ఏటా పదుల వేలల్లో చిక్కుతున్నాయని అప్పుడు బయటపడింది. ఒక పెద్ద సేకరణ కార్యక్రమం పరిధి గురించి ప్రభుత్వం కోర్టును గణనీయంగా తప్పుదోవ పట్టించినట్టు ఒప్పుకోవడం మూడేళ్లు నిండకముందే ఇది మూడోసారి అని ఆయన తీర్పులోని ఒక ఫుట్‌నోట్‌లో రాశారు. రాజ్యాంగ విరుద్ధమని తేల్చి నిబంధనలు మార్పించారు కూడా. కోర్టు గట్టిగా నిలబడిన సందర్భం ఇది, దాన్ని ఒప్పుకోవాలి. కానీ గమనించండి, సంగతి కోర్టు పట్టుకున్నది కాదు. ప్రభుత్వం తనకు తాను వచ్చి చెప్పాకే తెలిసింది. మూడుసార్లు తప్పుదోవ పట్టించినందుకు ఏ కార్యక్రమమూ పూర్తిగా ఆగలేదు.

ఒక్కో మనిషి మీద తెచ్చే వారెంట్ల సంగతి కూడా అంతే. ట్రంప్ ప్రచార బృందానికి సలహాదారుగా పనిచేసిన కార్టర్ పేజ్ మీద 2016, 2017లలో ఎఫ్‌బీఐ నాలుగుసార్లు వారెంట్ తెచ్చుకుంది. నలుగురు వేర్వేరు జడ్జీలు సంతకం చేశారు. 2019 డిసెంబరులో న్యాయశాఖ అంతర్గత తనిఖీ అధికారి (ఇన్‌స్పెక్టర్ జనరల్) మైకేల్ హొరోవిట్జ్ ఆ దరఖాస్తుల్లో 17 తీవ్రమైన తప్పులు, దాచివేతలు ఉన్నాయని తేల్చారు. పేజ్ గతంలో సీఐఏకు సమాచారం ఇచ్చిన మనిషి అన్న సంగతి జడ్జీలకు చెప్పలేదు. ఒక ఎఫ్‌బీఐ లాయరు దాని గురించిన ఈమెయిల్‌నే మార్చాడు, తర్వాత నేరం ఒప్పుకున్నాడు. పడిన శిక్ష 12 నెలల ప్రొబేషన్.

ఇది ఒక్క రాజకీయ కేసు ప్రత్యేకత అనుకుందామా? హొరోవిట్జ్ మరో 29 దరఖాస్తుల్ని తీసి చూశారు. దరఖాస్తులోని ప్రతి మాటకూ ఆధారం చూపే ఫైలు ఒకటి ఉండాలి. నాలుగింటికి ఆ ఫైలే దొరకలేదు. దొరికిన 25లో ప్రతిదానిలోనూ ఆధారంతో పొసగని అంశాలు కనిపించాయి. ఇలాంటి ఫైళ్లు పెట్టాలన్న నిబంధన 2001లో వచ్చింది. ఎందుకంటే అంతకు ముందే 75 దరఖాస్తుల్లో తప్పులున్నాయని ప్రభుత్వం ఒప్పుకుంది. రెండు దశాబ్దాలు గడిచినా సంగతి మళ్లీ మొదటికే వచ్చింది. పేజ్ వెనక ఒక పార్టీ మొత్తం ఉంది కాబట్టి ఆయన దరఖాస్తులు తవ్వి తీశారు. మిగతా వేలాది మంది తరఫున తవ్వేది ఎవరు?

పేర్లే చూడని అనుమతి

ఫైసాకు 2008లో వచ్చిన సవరణ జడ్జి పాత్రను ఇంకా కుదించింది. దానిలోని సెక్షన్ 702 కింద, అమెరికా బయట ఉన్న విదేశీయుల ఈమెయిళ్లు, మెసేజీలు, కాల్స్‌ను అమెరికా కంపెనీల నుంచి తీసుకోవచ్చు. ఒక్కొక్కరికీ వారెంట్ అక్కర్లేదు. ఏయే రకం సమాచారం కోసం, ఏ పద్ధతిలో అన్న పత్రాలను కోర్టు ఏడాదికోసారి చూసి ఆమోదిస్తుంది. ఎవరి మీద నిఘా పెట్టాలో ఎన్‌ఎస్‌ఏ ఉద్యోగులే నిర్ణయిస్తారు. 2013లో ఇలా లక్ష్యంగా ఉన్నవారు 89,138. 2023 నాటికి 2,68,590.

విదేశీయుడు ఈమెయిల్ రాసేది ఇంకో మనిషికే కదా. ఆ రెండో మనిషి అమెరికన్ అయితే ఆయన మాటలూ గుట్టలో చేరతాయి. ఆ గుట్టలో అమెరికన్ల పేర్లతో ఎఫ్‌బీఐ వారెంట్ లేకుండా వెతుకుతుంది. 2021లో ఇలాంటి వెతుకులాటలు 34 లక్షల వరకు జరిగినట్టు ప్రభుత్వ లెక్కే చెబుతోంది. 2023 మే నెలలో విడుదలైన ఒక ఫైసా కోర్టు తీర్పులో నిబంధనలకు విరుద్ధంగా జరిగినవి 2.78 లక్షలకు పైగా ఉన్నాయని తేలింది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నిరసనల్లో అరెస్టయినవారు, ఒక కాంగ్రెస్ అభ్యర్థికి విరాళాలిచ్చిన 19 వేల మంది ఆ వెతుకులాటల్లో ఉన్నారు. తర్వాత నిబంధనలు బిగించారు, 2023లో సంఖ్య 57,094కు తగ్గింది. తగ్గడం మంచిదే. అయితే ఒక్క అంతర్గత నిబంధనతో ఇంత తేడా వచ్చిందంటే, అంతకుముందు లక్షల సార్లు వెతికింది అవసరంతో కాదన్నమాటేగా.

పోనీ బాధితుడు మామూలు కోర్టుకు వెళ్లవచ్చా? సెక్షన్ 702 మీద ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, కొందరు లాయర్లు, పాత్రికేయులు వేసిన దావాను 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తోసిపుచ్చింది. మీ మీద నిఘా ఉందని మీరు రుజువు చేయలేదు, కాబట్టి దావా వేసే అర్హత లేదంది. రుజువు ప్రభుత్వం దగ్గర రహస్యంగా ఉంటుంది. నిఘా సమాచారంతో కేసు పెట్టినప్పుడు నిందితులకు నోటీసు ఇస్తామనీ, వారు సవాలు చేసుకోవచ్చనీ ప్రభుత్వం ఆ వాదనలో చెప్పింది. అప్పటికి అలాంటి నోటీసు ఏ ఒక్కరికీ ఇవ్వలేదు. మొదటి నోటీసు వెళ్లింది ఆ అక్టోబరులో, స్నోడెన్ పత్రాల తర్వాత. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వేసిన మరో దావా రహస్యాలు బయటపడతాయంటూ ప్రభుత్వం వాడుకునే రాజ్య రహస్యాల మినహాయింపు దగ్గర ఆగిపోయింది, 2023లో సుప్రీంకోర్టు దాన్ని వినడానికే ఒప్పుకోలేదు.

అమెరికా బయట ఉన్నవారి సంగతి

అమెరికన్ల హక్కుల గురించే ఇంత గొడవ. అమెరికాలో లేని, ఆ దేశ పౌరులు కాని కోట్లాది మందికి ఈ చట్టంలో దక్కే రక్షణ నామమాత్రం. ఆ దేశ కంపెనీల ఈమెయిల్ వాడుతున్న ఎవరైనా సెక్షన్ 702కు అర్హమైన లక్ష్యమే, విదేశీ గూఢచర్య సమాచారం దొరుకుతుందని అధికారి భావిస్తే చాలు. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2020 జులైలో సరిగ్గా దీన్నే ఎత్తిచూపి, యూరప్ ప్రజల సమాచారం అమెరికాకు పంపే ఒప్పందాన్ని రద్దు చేసింది. ఆస్ట్రియాకు చెందిన గోప్యతా హక్కుల కార్యకర్త మాక్స్ ష్రెమ్స్ ఫిర్యాదుతో మొదలైన కేసు అది. దాని ఫలితంగా 2022లో అమెరికా ఒక సమీక్ష కోర్టు పెట్టింది. అది న్యాయశాఖలో భాగం. ఫిర్యాదుదారుకు చివరికి వచ్చే జవాబు, ఉల్లంఘన జరగలేదు లేదా జరిగితే సరిదిద్దాం అన్న ఒకే వాక్యం. రెంటిలో ఏదో చెప్పరు.

కోర్టు అసలే లేకపోతే ఇంకా మేలా అంటే, కాదు. భారత్‌లో ఫోన్ ట్యాపింగ్‌కు ముందస్తు కోర్టు అనుమతి అవసరం లేదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఇస్తారు, ఉన్నతాధికారుల కమిటీ సమీక్షిస్తుంది. రెండు నెలలకోసారి కూర్చునే ఆ కమిటీ ఒక్కో సమావేశంలో 15 వేల నుంచి 18 వేల ఉత్తర్వులు చూడాల్సి వస్తోందని డేటా రక్షణ చట్టం కోసం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. ఒక్కో ఉత్తర్వుకు ఒక నిమిషం కేటాయించినా 10 రోజులకు పైగా పగలూ రాత్రీ కూర్చోవాలి. దీనితో పోలిస్తే ఫైసా కోర్టు ఎంతో నయం, కనీసం దాని తీర్పులు కొన్నయినా బయటికొస్తాయి. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2020 మేలో ఇంకో అడుగు ముందుకేసింది. విదేశాల్లో ఉన్న విదేశీయుల ఫోన్లకూ తమ రాజ్యాంగ రక్షణ వర్తిస్తుందని తేల్చింది. ఆ తర్వాత అక్కడి విదేశీ గూఢచారి సంస్థ మీద నిఘా వేయడానికి సొంత సిబ్బంది ఉన్న స్వతంత్ర మండలి ఏర్పడింది.

నిఘా అసలు వద్దనడం నా వాదన కాదు. సెక్షన్ 702 విలువైనదని పర్యవేక్షణ బోర్డు 2023లో చెప్పింది, ఆ మాట కొట్టిపారేయలేను. అదే నివేదికలో బోర్డు మెజారిటీ, అమెరికన్ల పేర్లతో వెతకడానికి కోర్టు అనుమతి ఉండాలనీ సిఫారసు చేసింది. నేను కోరేవి మూడు: ప్రభుత్వ వాదనకు ఎదురు నిలిచే లాయరు, ప్రమాదం తీరాక బాధితుడికి నోటీసు, కంప్యూటర్లు తెరిచి చూడగల ఆడిటర్లు. ఇవేవీ రహస్యాన్ని బద్దలుకొట్టవు. 2015 చట్టం మొదటిదానికి సగం దారి తెరిచింది. కొత్త చట్ట ప్రశ్నలు వచ్చినప్పుడు కోర్టు సహాయకులుగా బయటి లాయర్లను పిలవవచ్చు. అవసరం లేదనుకుంటే జడ్జి పిలవకుండా ఉండవచ్చు. మామూలు దరఖాస్తుల్లో వారి జాడే ఉండదు.

2024 ఏప్రిల్‌లో సెక్షన్ 702 గడువు ముగిసే వేళ, అమెరికన్ల కోసం వెతికితే వారెంట్ తప్పనిసరి చేసే సవరణ ప్రతినిధుల సభ ముందుకు వచ్చింది. ఓట్లు 212-212. సమానమైతే వీగిపోయినట్టే. చట్టాన్ని రెండేళ్లకు పొడిగించారు. 2025 జనవరిలో పర్యవేక్షణ బోర్డులోని ముగ్గురు సభ్యులను తొలగించడంతో దానికి కోరం లేకుండా పోయింది.

ఆ పొడిగింపు చట్టంలో ఇంకో సంగతి ఉంది. ఒక రకం కంపెనీ సెక్షన్ 702 పరిధిలోకి రాదని 2022లో ఫైసా కోర్టు చెప్పింది, 2023లో దాని పైకోర్టు సమర్థించింది. ప్రభుత్వం ఓడిన అరుదైన సందర్భం అది. 2024 చట్టంలో నిర్వచనాన్నే విస్తరించి, సమాచారం ప్రయాణించే లేదా నిల్వ ఉండే పరికరాలు అందుబాటులో ఉన్న సేవా సంస్థలను కొన్ని మినహాయింపులతో అందులోకి తెచ్చారు. మాటలు మరీ విశాలంగా ఉన్నాయన్న ఆందోళన వచ్చినప్పుడు, కోర్టులో వివాదమైన ఆ ఒక్క రకం కంపెనీకే దీన్ని వాడతామని న్యాయశాఖ లేఖ రాసింది. ఆ రకం ఏమిటన్నది రహస్యం.